నెపం దుమ్ముది, జబ్బు గుండెది

బొగ్గుబాయిలో పీల్చే గాలికి చట్టం ఉంది. మనుషులు పనిచేసే చోట ఆక్సిజన్ నూటికి 19 పాళ్లకు తగ్గకూడదు. మీథేన్ 1.25 శాతానికి చేరిందంటే కరెంటు బంద్ చేసి మనుషులను వెనక్కి రప్పించాలి. అందుకే పని మొదలయ్యేలోపు మైనింగ్ సర్దార్ తన డిస్ట్రిక్టంతా, అంటే బాయిలో తన వంతు భాగమంతా, తిరుగుతాడు. బొగ్గు తీసే ఫేసు దగ్గర, బొగ్గు తీసేసిన గోఫ్ అంచున, రూఫ్‌లో గుంత పడ్డ చోట, గాలి ఆడని మూలన గ్యాస్ చూస్తాడు. చూసింది పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. గోదావరిఖని బాయిల్లో నేను రిటైరయ్యేదాకా చేసింది ఆ పనే. గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ లేనిదే ఎవడూ సర్దార్ కాలేడు. ‘నిన్న బాగానే ఉండె కదా’ అన్న మాట అక్కడ చెల్లదు. ఈ షిఫ్టుకు ఈ షిఫ్టు అంకె కావాలి.

అంత పట్టింపు నేర్చిన ఊళ్లో, అప్పుడే పుట్టిన బిడ్డ ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో కొలవకుండా ఇంటికి పంపేస్తే ఎందుకని అడిగేవాడు లేడు. బరువు చూస్తారు. పోలియో చుక్కలు వేస్తారు, బీసీజీ టీకా వేస్తారు. ప్రైవేటులోనైతే బిల్లు కట్టిన రసీదు రెండుసార్లు చూస్తారు. కుడిచేతికి, ఒక కాలికి ఆక్సిమీటర్ తగిలించి రెండు అంకెలు చూసే పని మాత్రం చూసేవాళ్ల దయ మీద ఆధారపడి ఉంది. అది ప్రతి కాన్పు ఆస్పత్రిలో తప్పనిసరి కావాలి, అంకె కార్డు మీద రాయాలి, రాసినవాళ్ల సంతకం ఉండాలి. ఇది నా డిమాండ్. యూనియన్ మీటింగుల్లో తల నెరిసినవాణ్ని, ‘విజ్ఞప్తి’ అనే మాట నాకు నోరు తిరగదు.

నా పట్టుదలకు కారణం నా మనవరాలు. నా బిడ్డ తొలికాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఊళ్లోనే ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో కాన్పయింది. పిల్ల మూడు కిలోలకు కాస్త తక్కువ, పుట్టగానే గట్టిగా ఏడ్చింది. డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చూసి అంతా బాగుందంది. ఇంటికి తెచ్చుకున్నాం. ఇరవయ్యొకటో రోజు తొట్టెల చేస్తే వచ్చినవాళ్లందరూ ‘ఎంత నెమ్మదస్తురాలో, ఏడుపన్నదే లేదు’ అని మెచ్చుకున్నారు. నా భార్య మెచ్చుకోలేదు. పిల్ల నాలుగు గుక్కలు తాగి రొమ్ము వదిలేస్తోంది. నుదురంతా చెమట. అలసిపోయి పడుకుంటుంది, కాసేపటికే ఆకలితో లేస్తుంది. చలికాలంలో, ఫ్యాను కూడా తిరగని గదిలో పసిబిడ్డకు చెమటేమిటని ఆమె అనుమానం. తల్లికి పాలు పడలేదని వియ్యపురాలు తేల్చింది. దిష్టి అని పక్కింటామె తేల్చింది. తాయత్తు కూడా వచ్చింది.

ఆ తర్వాత దగ్గు, ఎగశ్వాస. ఒక క్లినిక్‌లో నిమ్ము అన్నారు. సూదులు వేశారు, మందు ఆవిరి పట్టారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. ‘ఈ ఊళ్లో పిల్లలకు ఇది మామూలే, ఓపెన్‌కాస్టు దుమ్ము’ అన్నాడు డాక్టరు. వరండాలో కూర్చున్నవాళ్లందరూ ఔనౌనన్నారు. ఒకాయన తన మనవడికి మూడేళ్లుగా ఇదే అవస్థ అని చెప్పుకొచ్చాడు. మాట దుమ్ము మీదికి, దుమ్ము మీంచి బ్లాస్టింగ్ మీదికి, అక్కణ్నుంచి ఇళ్ల గోడలకు పడ్డ పగుళ్ల మీదికి పోయింది. పిల్ల బరువు మాత్రం ఉన్నచోటే ఉంది. చివరికి కరీంనగర్‌లో ఒక పిల్లల డాక్టరమ్మ, స్టెతస్కోపు పెట్టకముందే పాదానికి పట్టీలాంటి ప్రోబ్ చుట్టింది. 84 చూపించింది. చేతికి మార్చింది. అక్కడా 84. ‘ఇది నిమ్ము కాదు తాతా, గుండెకు ఎకో తీయాలె’ అంది.

ఎకోలో తేలిన జబ్బు పేరు టీఏపీవీసీ. ఇంచుమించు పదివేల కాన్పుల్లో ఒకరికి వచ్చేది. ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తాన్ని నాలుగు సిరలు గుండె ఎడమ వైపు పై గదిలోకి తెస్తాయి. అక్కణ్నుంచి కింది గదికి, అక్కణ్నుంచి ఒళ్లంతటికీ. ఈ జబ్బున్న బిడ్డలో ఆ నాలుగింటిలో ఒక్కటి కూడా ఎడమ గదికి చేరదు. నాలుగూ ఒకచోట కలిసి, మెడ వైపు పోయే సిరలోనో, కాలేయం వైపు దిగే సిరలోనో, గుండె కుడి గదిలోనో కలుస్తాయి. మంచి రక్తమూ చెడు రక్తమూ కుడి వైపే కలగాపులగమైపోతాయి. రెండు పై గదుల మధ్య గోడలో కంత ఉంటుంది కాబట్టి ఆ కలిసిన రక్తమే ఎడమకు జారి ఒంటికి అందుతుంది. అందుకే చేతిలోనూ కాలిలోనూ ఒకే అంకె. ‘గుండెకు చిల్లు’ అన్న మాట వింటేనే మనకు వణుకు. ఈ జబ్బులో బిడ్డను నిలబెట్టేది ఆ చిల్లే.

దారి తప్పిన ఆ సిరలు మధ్యలో ఎక్కడైనా నొక్కుకుపోతే, పుట్టిన గంటల్లోనే బిడ్డ నీలబడుతుంది. అది ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి, అందరికీ తెలిసిపోతుంది. నొక్కు లేకపోతేనే మోసం. వారాలు, ఒక్కోసారి నెలలు నెట్టుకొస్తుంది. ఊపిరితిత్తులకు మామూలుకు మించి రక్తం పోయి అవి బరువెక్కుతాయి, శ్వాస వేగమవుతుంది, పాలు తాగడమే పెద్ద కష్టమవుతుంది, మాటిమాటికీ నిమ్ము పడుతుంది. ఎక్స్‌రేలో కూడా ఊపిరితిత్తులే తెల్లగా, నిండుగా కనపడతాయి. చూసేవాడి మనసులో నిమ్ము ఉంటే అక్కడ నిమ్మే కనిపిస్తుంది.

కడుపులో ఉన్నప్పుడు స్కాన్‌లో ఎందుకు దొరకలేదని నా అల్లుడు చాలా రోజులు మథనపడ్డాడు. 2022 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం 44 ఆస్పత్రుల్లో 56 టిఫా స్కాన్ యంత్రాలు పెట్టింది, మంచి పనే. అయితే కడుపులో బిడ్డ ఊపిరితిత్తులతో శ్వాసించదు. ఆక్సిజన్ మాయ ద్వారా తల్లి నుంచి వస్తుంది. ఊపిరితిత్తులకు పోయే రక్తమే కొంచెం, అక్కణ్నుంచి తిరిగొచ్చే నాలుగు సిరలు దారాల్లాంటివి. అవి ఎటు పోతున్నాయో స్కాన్‌లో పట్టుకోవడం ఆరితేరినవాళ్లకూ కష్టమే. సిరలు ఎటు పోయినా కడుపులోని బిడ్డకు లోటు లేదు. చక్కగా పెరుగుతుంది, మంచి బరువుతో పుడుతుంది. బొడ్డు కోసి, మొదటి శ్వాస తీసుకున్నాకే కష్టం మొదలు.

మా పిల్లకు హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. రక్తాన్ని యంత్రం మీద తిప్పుతూ గుండెను ఆపి, నాలుగు సిరలు కలిసేచోటిని ఎడమ గదికి కలిపి కుట్టి, మధ్య గోడలో కంత మూసేశారు. ఆరోగ్యశ్రీ కార్డు మీదే. ఇప్పుడు అంగన్‌వాడీలో గుడ్డు తినను పొమ్మని టీచరుతో పేచీ పెట్టుకుంటోంది. సుఖాంతమైనవాళ్లే ఇలా పేపర్లకు వ్యాసాలు రాస్తారు. మిగతావాళ్లు రాయరు.

దుమ్ము సంగతికి వస్తాను. దుమ్ము మీద నాకున్న కోపం ఎవరికీ తీసిపోదు. పొద్దున ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఏ రంగులో ఉంటుందో ఎయిటింక్లైన్ కాలనీలో ఎవరినడిగినా చెబుతారు. ఓపెన్‌కాస్టు గుట్టలు, లారీలు లేపే బూడిద, థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, అన్నిటి మీదా పోట్లాడాల్సిందే. కానీ ఆ కోపమే మా కళ్లకు గంతలు కడుతోంది. దగ్గు వస్తే దుమ్ము, ఆయాసం వస్తే దుమ్ము, బిడ్డ ఎదగకపోయినా దుమ్మే. కారణం తెలిసిపోయిందనుకున్న మరుక్షణం వెతకడం ఆగిపోతుంది. డాక్టరుకు అడగాల్సిన ప్రశ్న తప్పుతుంది, కుటుంబానికి ఇంకోచోటికి పోవాల్సిన తొందర తప్పుతుంది. గుండెజబ్బున్న పిల్లకు బొగ్గు ఊళ్లో పుట్టడం వల్ల అయ్యే మొదటి నష్టం ఇది.

గని దుమ్ముకూ, పుట్టుకతో వచ్చే గుండెలోపాలకూ సంబంధం ఉందా అని కూడా చాలామంది అడుగుతారు. అమెరికాలో అపలాచియన్ బొగ్గు ప్రాంతంలో కొండల తలలు నరికి బొగ్గు తీసేచోట పుట్టుకలోపాలు ఎక్కువగా ఉన్నాయని 2011లో ఒక అధ్యయనం వచ్చింది. నాలుగేళ్లకు మరో బృందం అక్కడి రికార్డులు తిరగేసి, ఆ తేడాకు కారణం ఆస్పత్రులు లోపాలను నమోదు చేసే తీరులో ఉందని వాదించింది. రెండు పక్షాలకూ వాదించుకోవడానికి కనీసం రికార్డులు ఉన్నాయి. ఏ కాలనీలో, ఏ ఆస్పత్రిలో, ఏ నెలలో పుట్టిన బిడ్డకు ఎంత అంకె వచ్చిందో ఇక్కడ పదేళ్లు రాసిపెడితే, సింగరేణి కంపెనీని నిలదీయడానికో, దానిమీద నింద తీసేయడానికో అప్పుడు ఆధారం దొరుకుతుంది. అప్పటిదాకా నింద తల్లి మీదే పడుతుంది. గ్రహణం నాడు కూరగాయలు కోసిందనో, బొప్పాయి తిన్నదనో. చాలామంది పిల్లల్లో గుండెలోపానికి ఫలానా కారణమని డాక్టర్లే చెప్పలేరు. ఇళ్లల్లో మాత్రం అత్తగార్లు ఒక్క పూటలో చెప్పేస్తారు.

కంటితో చూసి పట్టుకోలేమా అంటే, పట్టుకోలేం. సేఫ్టీ ల్యాంపు కాలంలో మేం వత్తి తగ్గించి మంట కొసన కనపడే నీలి టోపీని బట్టి గ్యాస్ అంచనా కట్టేవాళ్లం. దానికి చీకటి కావాలి, శిక్షణ కావాలి, మంచి కళ్లు కావాలి. మిథనోమీటర్ వచ్చాక ఆ తంటా తప్పింది. పసిబిడ్డ పెదవుల నీలం అంతకన్నా కష్టం. ఆక్సిజన్ దాదాపు 80కి దిగితే తప్ప నీలం కంటికి ఆనదు, మన చామనఛాయ, నల్లని ఒళ్ల మీద ఇంకా ఆలస్యం. 84 ఉన్న మా పిల్ల అందరి కళ్లకూ బంగారంలా కనపడింది. స్టెతస్కోపుకూ హామీ లేదు, ఈ జబ్బులో గుండె చప్పుడు పెద్దగా మారకపోవచ్చు.

పల్స్ ఆక్సిమీటర్ సూత్రాన్ని కనిపెట్టింది టకువో అవోయాగి అనే జపాన్ ఇంజనీరు, 1974లో. డాక్టరు కాదు, పరికరాల కంపెనీలో ఉద్యోగి. రక్తంలో ఆక్సిజన్ ఉంటే ఎరుపు కాంతిని ఒకలా, లేకుంటే ఇంకోలా పీల్చుకుంటుంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా వచ్చే ఆ తేడాను లెక్కగట్టాడు. ఆయన 2020 ఏప్రిల్‌లో చనిపోయాడు. సరిగ్గా అప్పుడే కరోనాతో ప్రపంచమంతా ఆయన మిషను కోసం మెడికల్ షాపుల ముందు వరుస కట్టింది. ఆ కరోనా పుణ్యమా అని ఇవాళ మా గల్లీలో టీ కొట్టాయన దగ్గర కూడా ఆక్సిమీటర్ ఉంది. కాకపోతే పెద్దల వేలికి పెట్టే ఆ క్లిప్పు పసిబిడ్డకు పనికిరాదు. పాదానికి చుట్టే చిన్న ప్రోబ్ కావాలి, కదలిక ఉన్నా సరిగ్గా చదివే మిషను కావాలి. నల్లని చర్మం మీద ఈ మిషన్లు కాస్త ఎక్కువ చూపించే గుణం ఉందని 2020లో అమెరికా డాక్టర్లు తేల్చారు. అందుకని మన దగ్గర అంచు మీద ఉన్న అంకెను ‘ఫర్వాలేదులే’ అని వదిలేయకూడదు.

పరీక్షకు పట్టేది కొన్ని నిమిషాలే. పుట్టి ఒక రోజు నిండాక, ఇంటికి పంపేలోపు, కుడిచేయికి, ఏదో ఒక కాలికి చూడాలి. రెండు చోట్లా 95 లేదా అంతకుమించి ఉండి, రెండింటి మధ్య తేడా 3 దాటకపోతే సరే. 90 లోపు వస్తే వెంటనే పిల్లల డాక్టరు, ఎకో. మధ్యలో ఉంటే ఓ గంట ఆగి మళ్లీ చూడాలి. చేయీ కాలూ రెండూ ఎందుకంటే, పుట్టుకకు ముందు గుండె దగ్గర రెండు పెద్ద రక్తనాళాలను కలిపే ఒక చిన్న గొట్టం ఉంటుంది. కొన్ని గుండెలోపాల్లో అది తెరిచి ఉన్నంతకాలమే బిడ్డ క్షేమం, దాని గుండా చెడు రక్తం కాళ్ల వైపు పోతే కాలి అంకె చేతి అంకెకన్నా తగ్గుతుంది. ఆ గొట్టం మొదటి కొద్ది రోజుల్లో, అంటే తల్లీబిడ్డా ఇల్లు చేరాక, మూసుకుపోతుంది. ముందే తెలిస్తే దాన్ని తెరిచి ఉంచే మందు ఎక్కిస్తూ పెద్దాస్పత్రికి చేర్చవచ్చు. తెలియకపోతే రాత్రి పాలు తాగి పడుకున్న బిడ్డ తెల్లారేసరికి ఎందుకు అలా అయిందో ఎవరికీ అర్థం కాదు.

ఈ పరీక్ష అన్నిటినీ పట్టుకోదు. సుమారు 2 లక్షల 30 వేల మంది శిశువుల సమాచారం కలిపి 2012లో లాన్సెట్ పత్రికలో వేసిన విశ్లేషణ ప్రకారం, ప్రమాదకరమైన గుండెలోపాలున్న నలుగురిలో సుమారు ముగ్గురిని ఇది పట్టిస్తుంది. నాలుగో బిడ్డను పట్టుకోవడానికి నా భార్యలాంటివాళ్లు కావాలి. పాలు తాగుతూ చెమటలు పట్టే బిడ్డను, బరువు పెరగని బిడ్డను, నిమిషానికి అరవై దాటి శ్వాస తీసే బిడ్డను పట్టించుకునేవాళ్లు. ఆశా కార్యకర్తలు కాన్పయ్యాక 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలని నియమమే ఉంది. వాళ్ల సంచిలో ఈ ప్రశ్నలు కూడా ఉండాలి.

అమెరికా 2011లోనే శిశువులకు చేయాల్సిన పరీక్షల జాబితాలో దీన్ని చేర్చింది. దీన్ని చట్టంగా తప్పనిసరి చేసిన రాష్ట్రాల్లో ఈ జబ్బులతో పోయే పసిబిడ్డల మరణాలు మూడో వంతు తగ్గాయని 2017లో లెక్క తేలింది. అమెరికా సంగతి మనకెందుకంటారా, కేరళ ఉంది. అక్కడ ప్రభుత్వ కాన్పు ఆస్పత్రుల్లో శలభం పేరుతో నవజాత శిశువులకు చేసే పరీక్షల్లో ఆక్సిజన్ కొలత ఉంది. లోపం దొరికిన పిల్లలకు వైద్యం చేయించడానికి 2017 నుంచి హృద్యం అనే పథకం ఉంది. కొలవడం ఒక పథకం, కోసి కుట్టడం ఇంకో పథకం, రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. మనకు రెండో సగం ముందే వచ్చింది. 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పసివాళ్ల గుండె ఆపరేషన్లకు అప్పట్నుంచీ దిక్కు. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలకు పెరిగింది. హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది. సిద్దిపేట దాటితే కొండపాకలో పైసా తీసుకోకుండా పిల్లల గుండె చూసే సత్యసాయి సంజీవని ఆస్పత్రి ఉంది, అదీ మా రాజీవ్ రహదారి దారిలోనే. 2021 అక్టోబరులో తిరుపతిలో టీటీడీ పిల్లల గుండె ఆస్పత్రి తెరిచింది. చేసేచోట్లు ఇన్నున్నాయి. పంపాల్సిన బిడ్డ ఎవరో చెప్పే మొదటి సగమే మా దగ్గర లేదు.

మా ఊరికి ఇంకో చిక్కు ఉంది, బయటివాళ్లకు తెలియదు. సింగరేణి కార్మికుడంటే వైద్యానికి లోటేముంది, కంపెనీ ఆస్పత్రి ఉంది, హైదరాబాద్ రెఫర్ ఉంది అనుకుంటారు. తొంభైల మొదట్లో లక్ష దాటి ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. ఆ రోజుల్లో కాలనీలో పుట్టిన ప్రతి బిడ్డా కంపెనీ మెడికల్ పుస్తకంలోకి ఎక్కేది. ఇప్పుడు పుడుతున్నవాళ్లలో చాలామంది నాలాంటి రిటైరైనవాళ్ల మనవలు, కాంట్రాక్టు కార్మికుల పిల్లలు, ఆటో నడిపేవాళ్ల పిల్లలు. బిడ్డ కూతురికి తాత కంపెనీ పుస్తకంలో చోటు లేదు. కాబట్టి ఈ పరీక్షను కంపెనీ ఆస్పత్రిలో పెట్టేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. గోదావరిఖని ప్రభుత్వ ఆస్పత్రిలో, మెడికల్ కాలేజీ వచ్చాక అక్కడ చేరిన పిల్లల విభాగంలో, మార్కండేయ కాలనీ నుంచి లక్ష్మీనగర్ దాకా ఉన్న ప్రతి ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో ఒకే రూలు ఉండాలి. ప్రోబులు, మిషన్లు కొనడానికి అయ్యే డబ్బు కంపెనీ సీఎస్సార్ నిధిలో ఎంతని? తల్లీబిడ్డల కార్డులో ఒక గడి కలపడానికి జిల్లా వైద్యాధికారి ఒక సర్క్యులర్ చాలు.

ఒక నర్సింగ్‌హోమ్ యజమాని నాతో అన్నాడు. ‘ఊరికే అంకె తక్కువొచ్చిందని ప్రతివాణ్నీ ఎకోకు పంపితే జనం నన్ను తంతారు పెద్దాయనా. కమీషన్ కోసం పంపాడంటారు.’ భయం న్యాయమైందే, మన ఊళ్లలో ఆ కమీషన్ల సంగతి అందరికీ తెలుసు. లెక్క చూద్దాం. ఒక రోజు నిండాక చేస్తే, గుండె బాగానే ఉండి కూడా అంకె తక్కువ వచ్చేది సుమారు 2,000 మందిలో ఒకరికి. నెలకు 300 కాన్పులయ్యే ఆస్పత్రి అనుకున్నా, ఆరేడు నెలలకు ఒక కుటుంబం కరీంనగర్ దాకా ఊరికే పోయొస్తుంది. అలా పోయినవాళ్లలో కొందరికి గుండె బాగున్నా, నిజంగానే నిమ్మో, రక్తంలో ఇన్‌ఫెక్షనో బయటపడుతుంది, ఆ పరుగు కూడా వృథా పోదు. మిగిలిన ఆ ఒకరిద్దరు తండ్రులు, గుండె బాగుందని రాసిన ఎకో కాగితం పట్టుకుని తిరుగు బస్సెక్కి, బస్సు కిరాయి దండుగయిందని యజమానిని తిట్టేందుకు వస్తారేమో చూద్దాం. వస్తే ఆ కిరాయి నా దగ్గర తీసుకొమ్మని ఆయనతో చెప్పాను.